పైన్ గింజల పరిశోధన: ఏ గింజ, ఎంత, ఎవరి మీద?

సంపాదకులకు,

పైన్ గింజలు బరువు తగ్గిస్తాయని, కొలెస్టరాల్‌ను అదుపులో పెడతాయని, వాటిలో ఒమేగా-3 దండిగా ఉంటుందని ఆరోగ్య పేజీల్లో తరచూ వస్తోంది. చివర్లో 'పరిశోధనల్లో తేలింది' అన్న ముక్క తప్పనిసరిగా ఉంటుంది. పరిశోధనలు జరిగిన మాట నిజమే. కానీ ఏ చెట్టు గింజ మీద జరిగాయి, గింజ తినిపించారా నూనె మింగించారా, ఎన్ని గ్రాములు ఇచ్చారు, ఎంతమందికి, ఎన్నాళ్లు అన్న వివరాలు వార్తగా మారేసరికి రాలిపోతున్నాయి. మిగతా గింజల సంగతేమో గానీ పైన్ గింజల విషయంలో ఆ వివరాలు తీసేస్తే చేతికి మిగిలేది చాలా తక్కువ. అందుకే ఈ ఉత్తరం.

మొదట చెట్టు సంగతి. పైన్ గింజ అనేది ఒక్క చెట్టు పంట కాదు. పైనస్ జాతిలో వందకు పైగా రకాలున్నా, తినడానికి వీలైనంత పెద్ద గింజ ఇచ్చేవి ఓ ఇరవై, ముప్పై. మధ్యధరా తీరపు పైనస్ పీనియా, చైనా ఈశాన్యంలోనూ రష్యా తూర్పు ప్రాంతంలోనూ కొరియాలోనూ పెరిగే పైనస్ కొరాయెన్సిస్, సైబీరియా పైన్, పశ్చిమ హిమాలయాల చిల్గోజా, అమెరికా నైరుతి ప్రాంతపు పిన్యోన్, చైనా తెల్ల పైన్ అని పిలిచే పైనస్ ఆర్మాండీ, వీటన్నిటికీ అంగట్లో ఒకటే పేరు. పీనియా గింజ సన్నగా, పొడవుగా, దంతం రంగులో ఉంటుంది. కొరియా గింజ పొట్టిగా, కన్నీటిబొట్టు ఆకారంలో, కొసన గోధుమరంగు చుక్కతో కనిపిస్తుంది. చిల్గోజా అన్నిటికంటే పొడుగు. విడివిడిగా పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది గానీ, పెంకు తీసి, ఏరి, రెండు మూడు రకాలు కలిపేశాక కంటితో పోల్చుకోవడం కష్టం. ప్రయోగశాలలో నూనెను గ్యాస్ క్రొమటోగ్రఫీకి పెట్టి కొవ్వు ఆమ్లాల పొందిక చూస్తేనో, డీఎన్ఏ పరీక్ష చేస్తేనో గట్టిగా చెప్పగలం.

ఈ తేడా వృక్షశాస్త్రజ్ఞులకు మాత్రమే పనికొచ్చేది కాదు. ఆరోగ్య వార్తలన్నిటికీ మూలమైన పైనోలెనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఒక్కో రకంలో ఒక్కో మోతాదులో ఉంటుంది. కొరియా, సైబీరియా గింజల నూనెలో అది సుమారు 15 శాతం, ఒక్కోసారి అంతకంటే కాస్త ఎక్కువ. పీనియా నూనెలో ఒక్క శాతం కూడా ఉండదు. అంటే కొరియా గింజ మీద వచ్చిన ఫలితాన్ని పీనియా పొట్లం మీద అచ్చువేస్తే అది వేరే సరుకు గురించి చెప్పినట్టే.

ఆకలి తగ్గుతుందన్న ప్రచారానికి ఎక్కువగా ఆధారంగా చూపేది 2008లో వెలువడిన ఒక పరీక్ష. బరువు ఎక్కువగా ఉన్న, మెనోపాజ్ దాటిన 18 మంది మహిళలకు తేలికపాటి అల్పాహారంతో పాటు 3 గ్రాముల కొరియా పైన్ నూనె ఇచ్చారు. అదే మహిళలకు వేరే రోజున పోలిక కోసం ఆలివ్ నూనె ఇచ్చారు. ఏ రోజు ఏది ఇస్తున్నారో ఇచ్చేవాళ్లకూ తీసుకునేవాళ్లకూ తెలియదు. పద్ధతి మంచిదే. పైన్ నూనెను రెండు రూపాల్లో వాడారు. మామూలు నూనెలో ఉండే, మూడేసి కొవ్వు ఆమ్లాలు కలిసి కట్టుగా ఉండే ట్రైగ్లిజరైడ్ రూపం ఒకటి, ఆ ట్రైగ్లిజరైడ్‌ను ముందే విడగొట్టి తయారుచేసిన స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాల రూపం ఇంకొకటి. తర్వాతి నాలుగు గంటల్లో, కడుపు నిండిందని మెదడుకు చెప్పే సీసీకే అనే హార్మోన్ స్వేచ్ఛా ఆమ్లాలు తీసుకున్నప్పుడు ఆలివ్ నూనెతో పోలిస్తే 60 శాతం ఎక్కువగా, ట్రైగ్లిజరైడ్ తీసుకున్నప్పుడు 22 శాతం ఎక్కువగా విడుదలైంది. జీఎల్‌పీ-1 అనే మరో హార్మోన్ స్వేచ్ఛా ఆమ్లాలతో 25 శాతం పెరిగింది.

ఈ అంకెలు చిన్నవేమీ కావు. పేగు గోడల్లోని కణాలు కొవ్వు ఆమ్లాలను పసిగట్టి హార్మోన్లు వదలడం శరీరధర్మశాస్త్రానికి తెలిసిన విషయమే. పైనోలెనిక్ ఆమ్లం ఆ కణాల మీదుండే రెండు రకాల గ్రాహకాలను తట్టగలదని ఆ తర్వాతి పరిశోధనలూ చూపాయి. అయితే వార్తల్లో రాకుండా పోయినవి చూడండి. పాల్గొన్నది 18 మంది. కొలిచింది నాలుగు గంటలు. చూసింది రక్తంలో హార్మోన్లు, పాల్గొన్నవాళ్లు తమ ఆకలి ఎంతుందో గీత మీద పెట్టిన గుర్తులు. బరువు తూచలేదు. వారాల తరబడి ఆ నూనె తీసుకుంటే ఎవరైనా తగ్గారా అన్న ప్రశ్నే ఆ పరీక్షలో లేదు. పైగా అది ఆ నూనెను తయారుచేసే సంస్థ ప్రమేయంతో జరిగింది. అంతమాత్రాన ఫలితం తప్పని అనలేం, కానీ ఆ సంగతి పాఠకుడికి చెప్పకుండా వార్త రాయడం సరికాదు.

ఇప్పుడు లెక్క వేద్దాం. 3 గ్రాముల కొరియా నూనెలో పైనోలెనిక్ ఆమ్లం 15 శాతం లెక్కన 0.45 గ్రాము. పైన్ గింజలో మూడింట రెండు వంతులు నూనే కాబట్టి అంత నూనె నాలుగున్నర గ్రాముల గింజల్లోనే ఉంటుంది. ఒక గింజ సుమారు 0.17 గ్రాము తూగుతుందనుకుంటే 27 గింజలు. 'ఇంతేనా, రోజూ ఓ చిన్న గుప్పెడు వేసుకుంటే సరి' అనిపించేది ఇక్కడే. కానీ గింజలో ఉన్నది ట్రైగ్లిజరైడ్ రూపం, అంటే 60 కాదు, 22 శాతం చూపిన రూపం. అదైనా పిండి తీసిన నూనె. గింజలో నూనె కణాల గోడల మధ్య ఇరుక్కుని ఉంటుంది, నమిలినంత మేరకే బయటపడుతుంది, నెమ్మదిగా జీర్ణమవుతుంది. ఇక పొట్లంలో ఉన్నది పీనియా అయితే, అందులో ఒక శాతం ఉందని ఉదారంగా అనుకున్నా, అదే 0.45 గ్రాము కోసం 45 గ్రాముల నూనె, అంటే దాదాపు 66 గ్రాముల గింజలు తినాలి. వాటి శక్తి 440 కేలరీల పైమాటే. ఆకలి తగ్గించుకోవడానికి ఒక పూట భోజనమంత తినడమన్నమాట!

కొలెస్టరాల్ విషయానికి వస్తే పైనోలెనిక్ ఆమ్లం మీద ఉన్న ఆధారాలు ఇంకా పలుచన. కాలేయ కణాలను గాజుపాత్రలో పెంచి, ఆ ఆమ్లం ఎక్కువగా ఉన్న నూనె భాగాన్ని కలిపితే చెడ్డ కొలెస్టరాల్‌ను లోపలికి లాక్కునే గ్రాహకాల పని పెరిగిందని 2004లో కొరియా శాస్త్రవేత్తలు చూపారు. మరో పైన్ రకం నూనెతో ఎలుకల రక్తంలో కొవ్వులు తగ్గినట్టు అంతకుముందే వచ్చింది. గాజుపాత్రలో కణాలకు దక్కే మోతాదు వేరు, తిన్నాక జీర్ణమై రక్తంలో కలిసి కాలేయానికి చేరే మోతాదు వేరు. ఎలుక తిండిలో కొవ్వు వాటా మనం పళ్లెంలో పెట్టుకునేదానితో సరిపోలదు.

గింజలు మొత్తంగా గుండెకు మంచివన్న దానికి మాత్రం గట్టి ఆధారాలే ఉన్నాయి. ఎన్నో అధ్యయనాలను కలిపి 2016లో చేసిన విశ్లేషణలో, రోజుకు 28 గ్రాముల గింజలు తినేవారికి గుండె, రక్తనాళాల జబ్బుల ముప్పు సుమారు 21 శాతం తక్కువగా కనిపించింది. అవి ప్రధానంగా జనాన్ని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలు. గింజలు తినేవాళ్లు మిగతా తిండి, నడక, సిగరెట్ విషయంలోనూ జాగ్రత్తగా ఉంటారేమో అన్న సందేహాన్ని గణాంకాలతో తగ్గించవచ్చు, పూర్తిగా తుడిచేయలేం. ఇక మధ్యధరా ప్రాంతపు తిండి గుండెకు మేలు చేస్తుందా అని స్పెయిన్‌లో ఏడు వేల మందికి పైగా పాల్గొన్న ప్రెడిమెడ్ పరీక్ష. 2013లో వెలువడి, పాల్గొన్నవారిని గుంపులకు కేటాయించడంలో జరిగిన లోపాల వల్ల వెనక్కి తీసుకుని, లెక్కలు సరిచేసి 2018లో మళ్లీ ప్రచురించారు. అందులో రోజుకు ఇచ్చిన 30 గ్రాముల్లో 15 గ్రాములు వాల్‌నట్, ఏడున్నర బాదం, ఏడున్నర హేజెల్‌నట్. ఒక్క పైన్ గింజ కూడా లేదు. అయినా ఈ పరీక్షను పైన్ గింజల వ్యాసాల్లో ధారాళంగా వాడేస్తున్నారు.

2003లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గింజలు, గుండె జబ్బుల గురించి ఒక షరతులతో కూడిన ప్రకటనకు అనుమతి ఇచ్చింది. రోజుకు ఒకటిన్నర ఔన్సు, అంటే 42 గ్రాముల మేర, సంతృప్త కొవ్వు తక్కువగా ఉండే భోజనంలో భాగంగా తింటే గుండె జబ్బు ముప్పు తగ్గవచ్చని ఆధారాలు సూచిస్తున్నాయి, నిరూపించడం లేదు అన్నది దాని సారాంశం. ఆ జాబితాలో పైన్ గింజల ముందు 'కొన్ని' అన్న మాట ఉంది. 50 గ్రాముల గింజల్లో సంతృప్త కొవ్వు 4 గ్రాములు దాటకూడదని నియమం. మామూలుగా దొరికే పైన్ గింజల్లో 100 గ్రాములకు సుమారు 5 గ్రాములే, కాబట్టి గట్టెక్కుతాయి. పిన్యోన్‌లో 9 గ్రాముల పైన ఉంటుంది, గీత దాటేస్తుంది. ప్రభుత్వ సంస్థ అంత జాగ్రత్తగా పెట్టిన 'కొన్ని' అన్న మాట మన వ్యాసాల్లో ఒక్కసారీ కనపడకపోవడం విచిత్రం.

ఒమేగా-3 సంగతి అసలు పొరపాటు. పైనోలెనిక్ ఆమ్లంలో 18 కార్బన్లు, మూడు ద్విబంధాలు ఉంటాయి. అవిసె గింజల్లోని ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లంలోనూ అంతే. పేర్లు కూడా దగ్గరగా ఉండటంతో రెండూ ఒకటే అనుకుంటున్నట్టుంది. కానీ ద్విబంధాలు ఎక్కడున్నాయన్నదే ముఖ్యం. పైనోలెనిక్‌లో అవి 5, 9, 12 స్థానాల్లో ఉంటాయి. చివరి కొస నుంచి లెక్కిస్తే మొదటిది ఆరో స్థానంలో వస్తుంది కాబట్టి అది ఒమేగా-6 కుటుంబమే. అసలైన ఒమేగా-3 పైన్ గింజల్లో 100 గ్రాములకు ఒక గ్రాము కూడా లేదు. వాల్‌నట్‌లో 9 గ్రాముల దాకా ఉంది. ఒమేగా-3 కోసం పైన్ గింజలు కొనడం దండగ.

మరి వాటిలో ఉన్నదేమిటి? 28 గ్రాములకు సుమారు 190 కేలరీలు, 19 గ్రాముల కొవ్వు, నాలుగు గ్రాముల లోపు ప్రోటీన్, ఒక గ్రాము పీచు. మాంగనీస్ రెండున్నర మిల్లీగ్రాములు, ఇది పెద్దవారి రోజు అవసరాన్ని ఇంచుమించు తీర్చేస్తుంది. మెగ్నీషియం 70, జింక్ 1.8, విటమిన్ ఇ రెండున్నర మిల్లీగ్రాములు. మంచి గింజే, సందేహం లేదు. ప్రోటీన్ పుష్కలం అనడం మాత్రం అతి. వేరే కొవ్వు పదార్థం బదులు వేసుకుంటే లాభం, ఉన్న తిండికి అదనంగా వేసుకుంటే ఆ 190 కేలరీలూ ఖాతాలో కలుస్తాయి.

వార్తల్లో దాదాపు ఎప్పుడూ రాని సంగతి ఒకటుంది. పాఠకులకు అన్నిటికంటే అవసరమైనదీ అదే. కొందరిలో పైన్ గింజలు తిన్న 12 నుంచి 48 గంటల తర్వాత నోరంతా చేదు, లోహపు రుచి మొదలవుతుంది. నీళ్లు తాగినా, ఏం తిన్నా, ముఖ్యంగా తీపి తిన్నా ఆ చేదు ఎగదన్నుకొస్తుంది. కొన్ని రోజుల నుంచి రెండు వారాలు, అరుదుగా నాలుగు వారాల దాకా ఉండి దానంతట అదే పోతుంది. దీన్ని పైన్ మౌత్ అంటున్నారు. 2001లో బెల్జియం నుంచి మొదటి నివేదిక వచ్చింది. 2008 జూలై నుంచి 2012 జూన్ దాకా అమెరికా ఎఫ్‌డీఏకు 501 ఫిర్యాదులు అందాయి. నమూనాలు తెప్పించి కొవ్వు ఆమ్లాలు పరీక్షిస్తే వేలు ఎక్కువగా పైనస్ ఆర్మాండీ వైపే చూపింది. 2012లో ప్రచురితమైన ఒక చిన్న పరీక్షలో, ఈ లక్షణం తెప్పించినట్టు తేలిన గింజలనే ఆరుగురు ఆరోగ్యవంతులు కొద్దికొద్దిగా తింటే నలుగురికి నోరు చేదైంది.

కారణమైన రసాయనం ఇదీ అని శాస్త్రం ఇంకా తేల్చలేదు. గింజలు ముక్కిపోవడం వల్ల, బూజు వల్ల అన్న అనుమానాలు పరీక్షల్లో నిలబడలేదు. తినేటప్పుడు రుచి మామూలుగానే ఉంటుంది, వాసన తేడా ఉండదు. వేయించినా, వంటలో వేసినా, ముద్దగా నూరినా వచ్చిన సందర్భాలున్నాయి కాబట్టి వేయించి తింటే భయం లేదన్న సలహా పనికిరాదు. తిన్నది ఒకరోజు, చేదు తెలిసేది మరో రోజు కావడంతో జనం ఆ మధ్యలో తిన్న వేరే వంటనో, వేసుకున్న మాత్రనో అనుమానిస్తారు. మెట్రోనిడజోల్, క్లారిత్రోమైసిన్ లాంటి మందులకూ నోట్లో లోహపు రుచి రావడం తెలిసిందే, అందువల్ల వైద్యులూ పొరబడే వీలుంది. నోరు చేదని వచ్చిన మనిషిని గడిచిన మూడు రోజుల్లో పైన్ గింజలు ఏ రూపంలోనైనా తిన్నారా అని అడిగితే కొన్ని అనవసరమైన రక్తపరీక్షలు తప్పుతాయి. దీనికి మందు లేదు. మిగిలిన గింజలు తినడం ఆపాలి, పొట్లం పారేయకుండా అమ్మినవారికీ ఆహార భద్రత అధికారులకూ చూపాలి. రకం, లాట్ నంబర్ తెలిస్తేనే ఆ సరుకును వెనక్కి రప్పించడం కుదురుతుంది.

అలర్జీ దీనితో కలిపేసుకోకూడని వేరే వ్యవహారం. అది గంటల తర్వాత కాదు, నిమిషాల్లో మొదలవుతుంది. పెదవులు, నాలుక వాయడం, దద్దుర్లు, వాంతులు, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే అత్యవసర చికిత్సకు పరుగెత్తాల్సిందే. గింజలోని నిల్వ ప్రోటీన్లు దానికి కారణం, అవి మామూలు వేయింపుకు లొంగవు. ఇక్కడ లేబుళ్ల చిక్కు ఒకటుంది. అమెరికాలో పైన్ గింజను తప్పనిసరిగా ప్రకటించాల్సిన అలర్జీ కారకాల్లో చేర్చారు. యూరోపియన్ యూనియన్ ఎనిమిది రకాల గింజల పేర్లు రాసిన జాబితాలో అది లేదు. కాబట్టి యూరప్ లేబుల్ మీద అలర్జీ హెచ్చరికలో పైన్ పేరు కనపడలేదని ధీమా పడకూడదు, పదార్థాల పట్టీ మొత్తం చదవాలి. పెస్టో అనే ఇటలీ పచ్చడి లాంటి వాటిలో ఇది తరచుగా ఉంటుంది. చిన్నపిల్లలకు గింజ గింజగా పెట్టడం గొంతుకు అడ్డంపడే ప్రమాదం, పొడి చేసి కలపడం మేలు.

నిల్వ గురించి కాస్త. పెంకు తీసిన పైన్ గింజలో కొవ్వు 68 శాతం, అందులో సగం దాకా గాలి తగిలితే త్వరగా పాడయ్యే లినోలెయిక్ ఆమ్లం. వెలుతురు, వేడి, గాలి మూడూ కలిస్తే వారాల్లోనే ముక్కుతుంది. ముక్కిన గింజకు పాత రంగు డబ్బా వాసన వస్తుంది, నమిలితే గొంతులో గీరుకున్నట్టుంటుంది. ఈ చేదు అక్కడికక్కడే తెలుస్తుంది, పైన్ మౌత్‌లో లాగా మర్నాడు కాదు. సరుకు పరీక్షించేవారు నూనె పాడవడాన్ని కొలిచే పెరాక్సైడ్ విలువ ఒక్కటే చూసి సరేననుకోవడం పొరపాటు. పెరాక్సైడ్లు ముందు పెరిగి, తర్వాత విరిగి ఆల్డిహైడ్లుగా మారతాయి, బాగా పాడైన నూనెలో ఆ విలువ మళ్లీ తక్కువగా కనిపించవచ్చు. ఇంట్లోనైతే గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు నెలలు, ఫ్రీజర్‌లో ఆరు నెలలకు పైగా ఉంటాయి. ఫ్రీజర్ నుంచి తీసిన డబ్బాను చల్లగా ఉండగానే తెరిస్తే గాలిలోని తేమ గింజల మీద నీటిబొట్లుగా పేరుకుంటుంది, మామూలు వేడికి వచ్చాకే మూత తీయాలి. చిన్న చిన్న పొట్లాలుగా కట్టిపెట్టుకుంటే ఈ బెడద ఉండదు.

వేయించడం సన్నని సెగ మీద, మందపాటి బాణలిలో, నూనె లేకుండా, కలుపుతూ మూడు నాలుగు నిమిషాలు. గోధుమరంగు తిరగబోతుండగానే పళ్లెంలోకి తీసేయాలి, బాణలిలో ఉంచితే ఆ వేడికే మాడిపోతాయి. వేయించిన గింజ పచ్చిదానికంటే త్వరగా ముక్కుతుంది కనుక ఆ పూటకు కావలసినంతే వేయించుకోవాలి. గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు పచ్చివి తినకపోవడం మంచిది. 2011లో అమెరికాలో టర్కీ పైన్ గింజల వల్ల సాల్మొనెల్లా వ్యాపించింది. తేమ తక్కువగా ఉన్న గింజల మీద ఆ బ్యాక్టీరియా పెరగదు గానీ నెలల తరబడి బతికి ఉంటుంది, ఫ్రీజర్‌లో పెట్టినా చావదు.

ఇకమీదట ఈ గింజ గురించి వార్త వేసేటప్పుడు చెట్టు రకం, ఇచ్చింది గింజా నూనా, మోతాదు, పాల్గొన్నవారి సంఖ్య, ఎన్నాళ్లు జరిగింది, డబ్బు ఎవరు పెట్టారు అన్న వివరాలను రెండు పంక్తుల్లో జతచేయమని మా విన్నపం. ఈ ఆరూ పరిశోధన పత్రంలోనే ఉంటాయి, ఎక్కువ భాగం మొదటి పేజీలోనే. దొరకని పక్షంలో ఆ వార్తను ఆపినా పాఠకుడికి నష్టం లేదు.

ఇట్లు,
ఆహార రసాయనశాస్త్రం, పోషకాహారం బోధించే కొందరు అధ్యాపకులు